పాము గుండె, నాన్న గుండె

నిన్న నాన్నకి మళ్లీ యాంజియో తీశారు. బైపాస్ అయి 11 ఏళ్లు. "స్టెంట్ వేసే చోటు లేదమ్మా, నాళాలు బాగా సన్నబడిపోయాయి" అన్నారు డాక్టర్ గారు. "లేజర్‌తో గుండెకి చిల్లులు పెడతారట కదండీ?" అని అడిగేశాను, ఎప్పుడో విన్నది గుర్తొచ్చి. ఆయన నవ్వి, కూర్చోమన్నారు.

పాము గుండె కండరానికి రక్తం చాలావరకు లోపలి గదిలోంచే నేరుగా అందుతుందట. అది చూసే 1965 ప్రాంతంలో ముంబైలో డాక్టర్ పి.కె. సేన్, లోపలి రక్తం అలాగే కండరానికి అందుతుందేమోనని, గుండె కండరాన్ని సూదులతో పొడిచి ప్రయత్నించారట. సూదుల బదులు లేజర్ వాడటం ఆ తర్వాత వచ్చింది. 1998లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. మిల్లీమీటరు వెడల్పు చిల్లులు, 20 నుంచి 40 దాకా. తమాషా ఏంటంటే అవి త్వరలోనే పూడిపోతాయి! అయినా కొందరికి నొప్పి తగ్గింది. గాయం మానేటప్పుడు కొత్త నాళాలు మొలుస్తాయని కొందరు, నరాలు దెబ్బతిని నొప్పి తెలియదని కొందరు. ఆయుష్షు పెరుగుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదట. నా ఉత్సాహం అక్కడే చల్లారింది.

అప్పుడు స్క్రీన్ నా వైపు తిప్పారు. మూసుకుపోయిన నాళం కిందికి, పక్క నాళం నుంచి వెంట్రుకల్లాంటి మెలికలు. ఏ లేజరూ లేకుండా నాన్న గుండె ఏళ్ల తరబడి తవ్వుకున్న పిల్లకాలువలు. కన్నార్పకుండా చూశాను.

బయటికొచ్చాక నాన్న మొదటి ప్రశ్న: "టీ తాగొచ్చన్నాడా?"