పెదతాత పేరు రాతికెక్కించడానికి నేను పడ్డ పాట్లు

మొన్న ఆదివారం మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందు రాయి నిలబెట్టాం. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన మా ఊరివాళ్ళ పేర్లు, తెలుగులో, నల్లరాతి మీద. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. నాలుగు నెలలు ఆగితే నేనే మెత్తబడి "పోనీలే పాపం" అంటాను.

మాది పశ్చిమ గోదావరి. మా వైపు సైనికులంటే అందరి నోటా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరమే వినిపిస్తుంది. దానికి మిలటరీ మాధవరం అని పేరే పడిపోయింది. ఆ ఊరికి ఆ గౌరవం న్యాయమే, కాదనను. కానీ తక్కిన ఊళ్ళనుంచి కూడా వెళ్ళారు, తిరిగి రాలేదు. మా పాత చావడి గోడలో ఓ పాలరాతి పలక ఉంది. 1914-1919 మహాయుద్ధానికి ఈ ఊరినుంచి ఇంతమంది వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా ఊళ్ళలో ఇలాంటివే పెట్టారు. అన్నీ అంకెలే, మనిషి పేరు ఒక్కటీ ఉండదు. పండక్కి సున్నం వేసేవాళ్ళు ఆ అంకెల మీద కూడా ఓ పూత లాగించేస్తారు.

రెండో యుద్ధానికి ఆ పలకైనా లేదు. మా పెదతాత, అంటే మా తాతయ్యకి అన్న, బర్మాలో పోయాడని మాత్రం ఇంట్లో తెలుసు. పోయిన తిథి తెలియక ఆయన తద్దినం మహాలయ అమావాస్యకే పెట్టేవారు. ఆయన పేరు, ఆయనతో వెళ్ళినవాళ్ళ పేర్లు రాయించాలని నేను పట్టుబట్టాను. పంచాయతీ తీర్మానం ఒక్క మీటింగులో అయిపోయింది. చందాలూ ఇబ్బంది పెట్టలేదు.

పేర్లు వెతకడం ఓపిక పని. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని, బ్రిటిషు సామ్రాజ్యం తరఫున పోయిన సైనికుల సమాధులూ పేర్లూ చూసుకోవడానికి 1917లో పుట్టిన సంస్థ ఉంది. రెండు యుద్ధాల్లో అలా పోయినవాళ్ళ జాబితా ఇంటర్నెట్లో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. అందులో మన పేర్లకి చాలావరకు ఇంటిపేరు ఉండదు, ఇంగ్లీషు స్పెల్లింగు రాసిన దొర ఇష్టం. అందుకని పేరుతో వెతక్కండి. జిల్లా పేరు కొట్టి, వచ్చిన ప్రతి మనిషి దగ్గరా "ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు" అన్న లైను చదువుకుంటూ పోండి. మా పెదతాత అలాగే దొరికాడు. ఇండియన్ పయనీర్ కోర్ అనే సైనిక దళం, 1944. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరి పేరు (అది ఊహించి చదువుకోవాలి). రంగూన్‌కి ఉత్తరాన తౌక్యాన్ శ్మశానవాటికలో రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద ఉన్న దాదాపు 27 వేల పేర్లలో ఆయనదొకటి. అక్కడ "స్వేచ్ఛాజీవులందరి కోసం మరణించారు" అన్న వాక్యాన్ని ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖిల్లో చెక్కారు. తెలుగు లేదు, తమిళం లేదు. మద్రాసు ప్రెసిడెన్సీనుంచి వెళ్ళినవాళ్ళు ఏ భాషలో చదువుకుంటారనుకున్నారో మరి. ఇంకొకాయన సింగపూర్‌లో క్రాంజి దగ్గరి మెమోరియల్ మీద తేలాడు. తేదీ దొరికిన రోజే మా అత్తయ్య పాత పంచాంగం లెక్కలు తెలిసిన ఆయన్ని పట్టుకుని తిథి కట్టించింది. నాకు ఆ సాయంత్రం ఒక్కటి చాలు.

ఇక అసలు కథ. రాయి పెట్టేది ప్రభుత్వ స్థలంలో కాబట్టి జిల్లా కేంద్రంలోని ఒక ఆఫీసునుంచి నిరభ్యంతర పత్రం తెమ్మన్నారు. ఆ ఆఫీసు పేరు చెప్పను. చెప్పినా అక్కడ సిగ్గుపడేవాళ్ళు లేరు.

సీట్లో ఉన్నాయన నా కాగితాలు వేలితో ఓ పక్కకి జరిపి, "ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ జాబితాలో వీళ్ళ పేర్లున్నాయా?" అన్నాడు. లేవన్నాను. 2019లో ప్రారంభించిన ఆ స్మారకం స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ళది, వీళ్ళు అంతకుముందువాళ్ళు, ఎలా ఉంటాయండీ అన్నాను. "అయితే వీళ్ళు మన సైన్యం కాదు కదండీ, ఇంగ్లీషోడి సైన్యం" అన్నాడు. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని చదివి, "పయనీర్ అంటే రోడ్లేసేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు. కూలీలు. కూలీలకి స్మారకం ఏంటి మాస్టారూ?" అని పక్క సీటాయన వైపు చూశాడు. పక్క సీటాయన నవ్వాడు. నా వెనక పది మంది నిలబడి ఉన్నారు. నాకు చెవులు వేడెక్కాయి, నోట మాట రాలేదు. ఆ రోడ్లే లేకపోతే బర్మాలో ఏ సైన్యమూ ముందుకు కదిలేది కాదని ఇంటికొచ్చాక వంద సార్లు అనుకున్నాను.

అక్కడితో వదల్లేదు. ఫారంలో గడి ఉంది కాబట్టి మరణ ధ్రువపత్రం కావాలన్నాడు. 1944లో బర్మాలో పోయిన మనిషికి! మండలాఫీసుకెళితే, చావు ఎక్కడ జరిగితే అక్కడే రిజిస్టరవుతుంది, అక్కడే తెచ్చుకోండి అన్నారు. అంటే నేను బర్మా వెళ్ళాలి. తిరిగొచ్చి ఆ మాట చెబితే, "పోనీ వారసుల పత్రం తెండి, రేపు పింఛను అడిగేవాళ్ళు చాలామంది" అన్నాడు. ఆయన భార్య పోయే చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు, పింఛను ఎవరడుగుతారండీ అంటే, "అందరూ మొదట్లో అలాగే అంటారు" అట. ఆకలికి సైన్యంలోకి వెళ్ళాడో, ఊళ్ళో తగాదాపడి వెళ్ళాడో, జీతం డబ్బులు ఇంటికి పంపొచ్చని వెళ్ళాడో, మనిషి తిరిగి రాలేదు. ఆ చావుకి కూడా మన దగ్గర గుమాస్తా సంతకం కావాలి. మొదటి యుద్ధంలో పోయిన భారతీయుల్నీ ఆఫ్రికన్లనీ సమానంగా గౌరవించలేదని 2021లో ఆ వార్ గ్రేవ్స్ కమిషనే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఇరాక్‌లో బస్రా స్మారకం మీద మన సిపాయిల పేర్లు చెక్కకుండా ఏ దళంలో ఎంతమందో అంకెలేసి ఊరుకున్నారు. దొరలకి వందేళ్ళకైనా తప్పు తెలిసొచ్చింది.

గట్టెక్కించింది పక్కూరి రిటైర్డ్ సుబేదారు గారు. ఆయన గుమాస్తాని పలకరించనైనా లేదు, నన్ను తీసుకుని నేరుగా పై అధికారి గదిలోకెళ్ళారు. కమిషన్ సైటునుంచి దింపుకున్న స్మారక పత్రం బల్లమీద పెట్టి, "సార్, ఈ కమిషన్‌లో ఆరు సభ్యదేశాలున్నాయి, అందులో మన దేశం ఒకటి. మన ప్రభుత్వం ఒప్పుకున్న పేరుని మన జిల్లా ఒప్పుకోదా?" అన్నారు. ఆ అధికారి పత్రం రెండుసార్లు చదివి సంతకం పెట్టేశాడు. మరణ ధ్రువపత్రం ఊసే ఎత్తలేదు. బయటికొచ్చేటప్పుడు సీట్లో ఆయన "టీ తాగుతారా మాస్టారూ" అన్నాడు. తాగలేదు.

మీలో ఎవరైనా ఈ పనికి దిగితే ఆరు దేశాల మాట దరఖాస్తులో మొదటి పేరాలోనే రాయండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ స్టాంపు వేయించుకోండి. కింది సీటు దగ్గర వాదనకి దిగొద్దు, ఒక మాజీ సైనికుణ్ణి వెంటబెట్టుకుని పైకెళ్ళండి. రాతిమీద ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తెలుగు రాయించొద్దు, ఇంట్లో ముసలివాళ్ళని అడిగి రాయించండి. ఎవరి పేరు పైన అనే పేచీ మాకూ వచ్చింది. పోయిన తేదీల వరసలో వేయించాను, నోళ్ళు మూతపడ్డాయి. ప్రారంభించే నాయకుడి పేరు ఇదే రాతిమీద, అదీ పెద్దక్షరాల్లో కావాలన్నారు. వేరే పలక పెట్టుకోమన్నాను, పెట్టుకున్నారు. మూడు తరాలుగా ఊళ్ళో ఎవరూ చేయని పని నేను చేశాను. చెప్పుకుంటే తప్పేముంది?

మొదటి యుద్ధం పలక మీది అంకెల్లో ఇప్పటికి ఒక్క పేరు తేలింది. ఈ హడావుడి చూసి ఓ మామ్మగారు నన్ను పిలిచి, పాలగిన్నె మీద మూతగా వాడుతున్న కంచు బిళ్ళ చూపించారు. అరచేతికన్నా పెద్దది. సింహం, త్రిశూలం పట్టుకున్న ఒక స్త్రీ, పక్కనే చిన్న గడిలో ఉబ్బెత్తు అక్షరాలతో మనిషి పేరు. ఆ యుద్ధంలో పోయినవాళ్ళ కుటుంబాలకి బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన బిళ్ళ అది. పాత ఇత్తడి కొనేవాడు రెండుసార్లు అడిగినా ఇవ్వలేదట ఆవిడ. మీ ఇళ్ళలో కూడా చూడండి. పతకాలుంటే అంచు తిప్పి చూడండి, నంబరూ పేరూ దళమూ అక్కడే చెక్కి ఉంటాయి. ఈ బిళ్ళ మీద పేరు తప్ప నంబరు, హోదా ఏవీ లేవు. అదే పేరుతో జాబితాలో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళలో మా ఊరివాడెవరో ఇంకా వెతుకుతున్నాను.