హీరో చచ్చాడా, చనిపోయాడా?

ఒడిశాలో, పర్లాకిమిడిలోనో బరంపురంలోనో పెరిగే తెలుగు పిల్లలకి హీరోల చావుల మీద బోలెడు అభిప్రాయాలుంటాయి. వాటికి తెలుగు మాటలే తక్కువ. వీధిలో ఒడియాలో "మొరిగొలా" (చచ్చిపోయాడు) అంటే పనైపోతుంది. ఇంటికొచ్చి అదే ఊపులో "ఐరన్ మ్యాన్ చచ్చాడు" అంటారు. "అవేం మాటలురా!" అంటుంది మామ్మ. అక్కడ గట్టిగా తిడితే వాడు హిందీలోకి జారుకుంటాడు. ఆ పూటకి తెలుగు అయిపోయినట్టే.

వాడన్న వాక్యాన్నే సరైన మాటతో తిరిగి అని, వాదన కొనసాగించండి. రావణుడు చచ్చాడు. ఐరన్ మ్యాన్ చనిపోయాడు. అభిమన్యుడు నేలకొరిగాడు. పక్కింటి తాతగారు పోయారు, లేదా కాలం చేశారు. పూటకి ఒక్క మాట చాలు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్లో 'నేలకొరిగాడు' ఎందుకంటారేమో, వీరుడికి ఆపాటి మర్యాద ఉండాలి మరి. ఈ మాటలన్నీ పట్టికలా రాసి గోడకి అంటించడం మాత్రం దండగ.

బతికిరావడం దగ్గరికొస్తే అసలు తగువు మొదలవుతుంది. 1893లో తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ని జలపాతం పాలుచేసిన కోనన్ డాయల్, 1903లో "అసలు పడనేలేదు" అని వెనక్కి తెచ్చాడు. దాన్ని బతికొచ్చాడనకూడదు, దాక్కుని వచ్చాడనాలి. సూపర్‌మ్యాన్ 1992లో చనిపోయి, మరుసటి ఏడాదే లేచొచ్చాడు. "ఎలాగూ వస్తాడుగా, ఏడవడం ఎందుకు?" అని పిల్లలు అడిగేది ఇలాంటి చోటే. న్యాయమైన ప్రశ్న. అప్పుడు, తిరిగి రావాలంటే ఎవరో ఒకరు వెల చెల్లించాలని చూపే మహాభారతంలోని రురుడి కథ తీయండి. పాము కరిచి పోయిన తన ప్రియురాలు ప్రమద్వరకి తన ఆయుష్షులో సగం ధారపోశాడు. గురువు శుక్రుడి పొట్టలో తిరిగి బతికిన కచుడు బయటికి రావాలంటే ఆ పొట్టే చీలాల్సి వచ్చింది. 2019 నాటి 'ఎండ్‌గేమ్' సినిమాలో మాయమైనవాళ్లు తిరిగొచ్చారంటే నటాషా (బ్లాక్ విడో) ప్రాణమిచ్చింది కాబట్టే. 'ఆయుష్షు', 'ధారపోయడం', 'ప్రాణం పోయడం' ఇలా వాదనలోనే నోటికి ఎక్కుతాయి.

ఒడియా లెక్కలో జ్యేష్ఠ అమావాస్యకి (మన పంచాంగంలో వైశాఖ అమావాస్య) చుట్టుపక్కల ఒడియా ఇళ్లలో సావిత్రి వ్రతం చేస్తారు. మహారాష్ట్రలోని సిరొంచ వైపు ఉన్నవాళ్లకి ఆ తర్వాత వచ్చే జ్యేష్ఠ పౌర్ణమికి వటపూర్ణిమ, మర్రికి దారం చుట్టడం కనిపిస్తుంది. సత్యవంతుడి కథకి అదే అదను. పిల్లలు బడిలోనో పొరుగింట్లోనో వినే ఉంటారు కాబట్టి మొదట్నుంచీ చెబితే ఆవలిస్తారు. నేరుగా వరాల దగ్గరికి వెళ్లండి: మామగారికి చూపు, పోయిన రాజ్యం, తండ్రికి నూరుగురు కొడుకులు, ఆపైన తనకి నూరుగురు. యముడు ఎక్కడ ఇరుక్కున్నాడో పిల్లాడినే చెప్పనివ్వండి. మధ్యలో "మొరిగొలా" దొర్లినా ఆపకండి.