నెల్లూరు చూడాలంటే ముందు గుడి తలుపుల వేళ చూసుకోండి

ఎక్కించుకుని, మైకులో కథలు చెబుతూ ఊరంతా తిప్పి, ఎక్కిన చోటే దింపే సైట్‌సీయింగ్ బస్సులు మద్రాసు, హైదరాబాదులకు చెల్లాయి. నెల్లూరులో ఆ పని ఆర్టీసీ పల్లెవెలుగు, షేర్ ఆటో కలిసి చెయ్యాలి. చేస్తాయి కూడా. కాకపోతే ఏది ముందు, ఏది వెనక అన్న వరస మనమే వేసుకోవాలి. దగ్గరివి ముందు, దూరం వెనక అని వేసుకున్నవాళ్ళు మిట్టమధ్యాహ్నం మూసిన గుడి ముందు నిలబడతారు. ఇక్కడి గుళ్ళు పొద్దున్నే తెరుస్తారు, మధ్యాహ్నం మూస్తారు, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక తీస్తారు. పర్వదినాల్లో ఇదీ మారుతుంది. కాబట్టి గుళ్ళన్నీ పన్నెండు లోపు అయిపోవాలి. ఏటి ఒడ్డు, సముద్రం మధ్యాహ్నానికి ఉంచుకోవాలి.

దిగడంలోనే మొదటి తప్పు జరుగుతుంది. దూరప్రాంతపు ప్రైవేటు బస్సులు కొన్ని ఊళ్ళోకి రావు, హైవే మీదే దింపేస్తాయి. తెల్లవారుజామున అక్కడినుంచి ఆటో అడిగే రేటుకు ఊళ్ళో సగం రోజు తిరగొచ్చు. టికెట్టు తీసుకునేటప్పుడే ‘ఊళ్ళోకి వస్తుందా?’ అని అడగాలి. రెండో చిక్కు, నెల్లూరులో ‘బస్టాండు’ అంటే ఒకటి కాదు. ఆర్టీసీ ప్రధాన బస్టాండు ఉంది, మద్రాసు బస్టాండు ఉంది, ఆత్మకూరు బస్టాండు ఉంది. పడమటి దారి బస్సులకు ఆత్మకూరు బస్టాండు వీలు. ఆటో ఎక్కి ఊరికే ‘బస్టాండుకు పోనీ’ అంటే ఆయన తనకు తోచినదానికి తీసుకుపోతాడు, తప్పు ఆయనది కాదు.

మొదట రంగనాయకులపేట. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడి. సందులు ఇరుకు, బస్సు రాదు. గాంధీబొమ్మ దగ్గర దిగి ఆటో పట్టుకోవడం మేలు. గాలిగోపురం దాటగానే దర్శనం చేసుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు. అద్దాల మండపం లోపల కాసేపు నిలబడాలి, ఏటి వైపు వెళ్ళి పెన్నను చూడాలి. వానల్లో, పైనుంచి నీళ్ళు వదిలినప్పుడు తప్ప ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. ఏటి మీద కనిపించే బ్యారేజి 2022లో వాడుకలోకి వచ్చింది. అక్కడినుంచి మూలాపేట మూలస్థానేశ్వరాలయం ఊళ్ళోనే, అరగంట చాలు.

తర్వాత జొన్నవాడ. పెన్న వంతెన దాటి పడమటికి, 12 కిలోమీటర్ల పైచిలుకు. కామాక్షి తాయి, మల్లికార్జునస్వామి కొలువు. కోరికతో వచ్చినవాళ్ళు రాత్రి గుళ్ళోనే నిద్ర చేసి వెళ్ళడం ఇక్కడి ఆనవాయితీ. మంగళ, శుక్రవారాల్లో, వైశాఖ మాసపు బ్రహ్మోత్సవాల్లో క్యూ కదలదు. ఊరు చూడటమే పని అయితే ఆ రోజులు వదిలేయండి. నెల్లూరు రంగనాథుడు, ఏటికి ఇవతలి నరసింహకొండ స్వామి, జొన్నవాడ మల్లికార్జునుడు ముగ్గురూ కశ్యపుడి యజ్ఞంలోని మూడు అగ్నులనుంచి వెలిశారని స్థలపురాణం. ఆ కథ విని మూడూ ఒకే పూటలో చుట్టేద్దామనుకుంటారు. మ్యాపులో జొన్నవాడ, నరసింహకొండ ఎదురెదురుగా ఉంటాయి, కానీ మధ్యలో పెన్న ఉంది. రెండూ ఒకే బస్సు దారిలో లేవు. సొంత బండి ఉంటే సరే. బస్సు మీద అయితే ఒకటి ఎంచుకోండి. కొండ ఎంచుకుంటే దాన్నే మొదట పెట్టుకుని తొమ్మిది లోపు దిగాలి. ఏప్రిల్, మేలలో ఆ మెట్లు కాళ్ళు కాలుస్తాయి.

పన్నెండు దాటాక భోజనం. చేపల పులుసు మామిడికాయ కాలంలో తింటేనే నెల్లూరు పులుసు. మిగతా నెలల్లో చింతపండు పులుపే, అదీ బాగుంటుంది కానీ అది వేరే లెక్క. మలైకాజా తీసుకుంటే ఆ రోజే తినేయండి, ఊరికి మోసుకెళ్ళే సరుకు కాదు.

గుళ్ళు మూసిన ఈ గంటల్లోనే స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా చూడొచ్చు. మొహరం రోజుల్లో రొట్టెల పండగ ఇక్కడే. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె. కోరిక తీరినవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. మతం అడ్డు లేదు. ఆ రోజుల్లో వస్తే దీనికోసమే రండి, పైన చెప్పిన వరస మొత్తం పక్కన పెట్టండి. దారులు మళ్ళిస్తారు, ఆటో దర్గా దాకా రాదు, చాలా దూరం నడకే.

మధ్యాహ్నం తూర్పుకు. పర్యాటకులు మైపాడు బీచికే పోతారు, పల్లిపాడు వదిలేస్తారు. రెండూ ఇందుకూరుపేట మండలంలోనే. పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకిని సత్యాగ్రహాశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నడిపారు. పొణకా కనకమ్మ స్థలం ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీ సహచరుడు రుస్తుంజీ ఇచ్చిన డబ్బుతో భవనం లేచింది. మైకు చెప్పే కథ ఇక్కడ దొరకదు, ఈ నాలుగు ముక్కలూ తెలుసుకుని పోతేనే ఆ ఇల్లు మాట్లాడుతుంది.

మైపాడు నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్లు. అలలు తోస్తాయి, లోపలికి లాగుతాయి. మోకాళ్ళ లోతు దాటొద్దు. దిగగానే చెయ్యాల్సిన పని సముద్రం వైపు పరుగెత్తడం కాదు, కండక్టరును ‘ఆఖరి బస్సు ఎన్నింటికన్నా?’ అని అడగడం. దానికి ముందు బస్సే మన బస్సు అనుకోవాలి. ఆఖరిది రద్దయితే ఆటోవాడు చెప్పిందే రేటు.

టికెట్ల సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తప్పకుండా తీసుకోవాలి. సూపర్ లగ్జరీకి ఇది వర్తించదు. మగవాళ్ళు పది, ఇరవై నోట్లు దగ్గర పెట్టుకోండి. చిల్లర లేకపోతే కండక్టరు టికెట్టు వెనక బాకీ రాస్తాడు, దిగే హడావిడిలో అది అడగడం మరిచిపోతారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. నెల్లూరును రైలు పట్టాలు రెండుగా కోస్తాయి. గట్టి వాన పడితే అండర్ బ్రిడ్జిల్లో నీళ్ళు నిలుస్తాయి, అప్పుడు పది నిమిషాల దారి గంట అవుతుంది. ఆ కాలంలో పట్టాలకు ఏ పక్క చూడాల్సినవి ఆ పక్కే ముగించి రెండో పక్కకు పోవాలి.

ఉదయగిరిని మాత్రం ఈ రోజులో ఇరికించకండి. సుమారు 100 కిలోమీటర్లు, ఆత్మకూరు మీదుగా. ఒడిశా గజపతి రాజుల చేతినుంచి ఆ దుర్గాన్ని 1514లో లాక్కోవడానికి కృష్ణదేవరాయలకే ఏడాది దాటి ముట్టడి పట్టింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని ఆయన హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. కొండెక్కడానికి విడిగా ఒక రోజు పెట్టుకోండి. మొదటి బస్సుకు పోయి, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు మోసుకుని, ఇద్దరు ముగ్గురుగా ఎక్కాలి. దిగి వచ్చాక ఊళ్ళో నర్ది కర్రతో చేసే చెంచాలు, గరిటెలు కొనుక్కోవచ్చు. వాటిని నీళ్ళలో నానబెట్టొద్దు, కడిగి వెంటనే తుడిచి నీడన ఆరబెట్టాలి.