మైనస్ ముప్పై మూడులో ఆరని ఎర్రదీపం

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించాడు. బళ్ల గురించి నాకు తెలిసిందంతా స్కూలు వదిలాక ఆ షెడ్డులో కూర్చుని విన్నదే. అందులో రెండు మాటలు బాగా గుర్తు. సెల్ఫ్ కొట్టాక ఆయిల్ దీపం ఆరకపోతే ఎంత పనున్నా బండి ఆపెయ్యాలి. ఆయిల్ తాగే ఇంజన్‌కి చిక్కటి ఆయిలే మందు. అమెరికాలోని మిన్నెసోటా వచ్చాక ఆ రెండో మాట పట్టుకుని కారు మీదికి తెచ్చుకున్నాను. మొదటి మాట గుర్తుండబట్టి బయటపడ్డాను.

2018లో నా దగ్గరున్నది పద్నాలుగేళ్ల పాత కారు. పదిహేను వందల మైళ్లకోసారి ఒక క్వార్టు, అంటే లీటరుకి కాస్త తక్కువ, ఆయిల్ తాగేది. ఫోన్లో చెప్తే నాన్న నవ్వాడు. "నీళ్లలాంటిది పోస్తే తాగక ఏం చేసుద్దమ్మా? కాస్త చిక్కటిది పోయించు." కారు పుస్తకంలో పొయ్యాల్సిన ఆయిల్ చిక్కదనం 5డబ్ల్యూ-30 అని రాసుంది. పక్కనే, బాగా చలిగా ఉండే చోట ఇంతకంటే చిక్కటిది పోస్తే స్టార్టవడం కష్టమని కూడా ఉంది. చదివాను. చదివి కూడా అక్టోబర్‌లో 10డబ్ల్యూ-40 పోయించాను. నాన్న లారీలకి పోసే 15డబ్ల్యూ-40 కంటే ఇది పలచనే కదా అనుకున్నా.

డిసెంబర్లో పొద్దున్నే సెల్ఫ్ బద్ధకంగా తిరిగేది. బ్యాటరీ పాతబడిందనుకుని ఊరుకున్నా.

2019 జనవరి 30న మిన్నియాపోలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 33. ఆ రోజు ఇక్కడ పోస్టువాళ్లు కూడా ఉత్తరాలు పంచలేదు. కానీ నాది ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, చలి అని రక్తపరీక్షలు ఆగవు. మా అపార్ట్‌మెంట్‌కి గ్యారేజీ లేదు. రాత్రంతా బండి ఆరుబయటే ఉంది. తెల్లవారుజామున అయిదింటికి తాళం తిప్పితే, బురదలో దిగబడ్డ ఎడ్లబండి కదిలినట్టు ఒక్కో మూలుగూ విడివిడిగా వినిపించింది. నాలుగోసారికి అందుకుంది. హమ్మయ్య అనుకునేలోపు ఇంజన్ పైనుంచి టకటకమని ఎండు చప్పుడు. ఆయిల్ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది లెక్కపెట్టి తాళం వెనక్కి తిప్పేశాను. ల్యాబ్‌లో నాతో పనిచేసే ఆవిడ వచ్చి నన్ను ఎక్కించుకెళ్లింది.

దారిలోంచే నాన్నకి చేశాను. అక్కడ సాయంత్రం, టీ టైము.

"మైనస్ ముప్పై మూడంటే ఎంతమ్మా?"

"మన ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అర ఉంటుందే, దానికంటే పదిహేను డిగ్రీలు కింద నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. ఆయనకి చలంటే డిసెంబర్ తెల్లవారుజామున పదహారు, పదిహేడు డిగ్రీలు. అంత వేడి ఊళ్లో ఆయిల్ డబ్బా మీద మొదటి అంకెతో ఎవరికీ పని పడదు. నాన్న జీవితమంతా రెండో అంకె చూసే బతికాడు, ఆ ఊరికి అదే సరైన పని. రెండో అంకె ఇంజన్ వేడెక్కాక, నూరు డిగ్రీల దగ్గర, ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్తుంది. మొదటిది చల్లటి ఇంజన్ సంగతి. ఆ డబ్ల్యూ అంటే వెయిట్ అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నా. అది వింటర్.

ఎస్‌ఏఈ జె300 అనే ప్రమాణంలో ప్రతి డబ్ల్యూ అంకెకీ రెండు చలి పరీక్షలుంటాయి. సెల్ఫ్ ఇంజన్‌ని తిప్పగలదా అన్నది ఒకటి, పంపు ఆయిల్‌ని లాగగలదా అన్నది రెండోది. 10డబ్ల్యూకి మొదటిది మైనస్ 25 దగ్గర, రెండోది మైనస్ 30 దగ్గర చేస్తారు. 5డబ్ల్యూకి మైనస్ 30, మైనస్ 35. 0డబ్ల్యూకి మైనస్ 35, మైనస్ 40. ఆ పొద్దున నా చాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఉన్న ఆయిల్ రెండు పరీక్షల హద్దులూ దాటిపోయి ఉంది.

వీటిలో అసలు భయపడాల్సింది రెండోదానికి. బండి స్టార్టవకపోతే తిట్టుకుంటూ ఇంట్లో కూర్చుంటాం. స్టార్టయి, ఆయిల్ మాత్రం పైకి ఎక్కకపోతే ఇంజన్ ఉత్త ఇనుము మీద అరుగుతుంది. మాకు నాలుగు గంటల దూరంలో, సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో 1980-81 చలికాలంలో అదే జరిగింది. వాతావరణం మెల్లగా చల్లబడేసరికి కొన్ని ఆయిళ్లు చాంబర్‌లోనే జున్నులా గట్టిపడ్డాయి. ఇంజన్లు మామూలుగా అందుకున్నాయి, ఆయిల్ అందక పాడయ్యాయి. ఇప్పుడు చేసే పంపు పరీక్షలో ఆయిల్‌ని గంటల తరబడి మెల్లగా చల్లబరచడం ఆ దెబ్బ నుంచి నేర్చుకున్నదే.

నాన్నకి ఇదంతా చెప్తే, "మరి సున్నా అంటున్నావు, వేడెక్కాక నీళ్లయిపోదా?" అన్నాడు. మాటలతో నమ్మడని తెలుసు. ఆ సాయంత్రం ఒక 0డబ్ల్యూ-40 డబ్బా కొన్నాను. వేడి మీద రెండూ నలభయ్యే, తేడా అంతా మొదటి అంకెలోనే. మిగిలిన 10డబ్ల్యూ-40 ఒక సీసాలో, ఇది ఒక సీసాలో పోసి రాత్రంతా బాల్కనీలో పెట్టాను. పొద్దున వీడియో కాల్ చేసి రెండూ వంచి చూపించాను. కొత్తది తేనెలా బద్ధకంగానైనా జారింది. పాతది సీసా అడుగున అలాగే వేలాడి, నేను వేళ్లు కొంకర్లు పోయి లోపలికి పరిగెత్తేదాకా మూతి దాకా రాలేదు. వెనక నుంచి అమ్మ గొంతు: "అరిసెల పాకం ముదిరిపోయినట్టుందే!"

సున్నా ఉన్నది చలిలో మరీ పలచన అనుకోవడం కూడా పొరపాటే. అదీ చల్లగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పటి కంటే ఎన్నో రెట్లు చిక్కనే. స్టార్ట్ చేసే క్షణాన ఆయిల్ ఎప్పుడూ కావలసిన దానికంటే ఎక్కువ చిక్కగా ఉంటుంది, మనం ఆ ఎక్కువని తగ్గించుకుంటున్నామంతే. ఇలాంటి ఆయిల్‌లో పొడవాటి పాలిమర్ గొలుసులుంటాయి. చలికి ముడుచుకుంటాయి, వేడికి విచ్చుకుని ఆయిల్‌ని మరీ పలచబడనివ్వవు. వాడగా వాడగా అవి తెగుతాయి కాబట్టి మార్చే గడువు దాటనివ్వను. కొత్త కారుకి మాత్రం నేను ఈ తెలివితేటలు చూపించను. పుస్తకంలో 0డబ్ల్యూ-20 అంటే అదే పోస్తాను.

వారాంతానికి చలి తగ్గింది. ల్యాబ్‌లోనే పనిచేసే ఒక పెద్దాయన గ్యారేజీలో పాత ఆయిల్ తీసేసి 0డబ్ల్యూ-40 పోశాం. ఆయనది నార్త్ డకోటా, కారు ముందు నుంచి కరెంటు వైరు వేలాడుతుంటుంది. ఇంజన్‌ని రాత్రంతా వెచ్చగా ఉంచే హీటరు వైరది. అలాంటి హీటరుకి 1949లో పేటెంటు తీసుకున్న ఆండ్రూ ఫ్రీమన్ తమ గ్రాండ్ ఫోర్క్స్ వాడేనని ఆయనకి మహా గర్వం. ప్లగ్గు పెట్టడానికి నాకు పార్కింగులో కరెంటు ఉంటే కదా!

కారు ఆ తర్వాత కూడా ఆయిల్ అంతే తాగింది, ఎక్కువా లేదు తక్కువా లేదు. మైనస్ ఇరవైలో మాత్రం రెండో మూలుగుకే అందుకునేది, ఎర్రదీపం వెంటనే ఆరేది. నాన్నకి చెప్తే అంతా విని, చివరికి ఒకటే అడిగాడు.

"ఆ పాత పది-నలభై మిగిలిందన్నావుగా, పారబోశావా?"

"లేదు, బాల్కనీలోనే ఉంది."

"ఉంచు. జూలైలో పైన పోసుకోవచ్చు."