నీళ్ళలో ఎర్రమచ్చ

మొన్న ఆదివారం తమ్ముడూ నేనూ ఆ చిన్న చెరువుకి మళ్ళీ వెళ్ళాం. పెద్దదేం కాదు, తీరిగ్గా నడిచినా ఇరవై నిమిషాల్లో గట్టంతా చుట్టి రావచ్చు. ఒక పక్క జమ్ము, ఇంకో పక్క తామరాకులు, మధ్యలో కాస్త లోతు. పెద్ద జలాశయాల కంటే నాకు ఇలాంటివే ఇష్టం, ఎందుకంటే చెరువు మొత్తం కళ్ళ ముందే ఉంటుంది, ఓపిగ్గా చూస్తే ఏ చేప ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇంకా తెల్లవారకముందే చేరుకున్నాం. తమ్ముడు రాగానే గాలం విప్పబోతుంటే "కాసేపు ఆగరా" అన్నాను.

"చేపలన్నీ పైనే ఉన్నాయి కదన్నయ్యా, చూడు."

నిజమే, ఎక్కడ చూసినా చిన్న చిన్న నోళ్ళు నీళ్ళ మీద తెరుచుకుని మూసుకుంటున్నాయి. కానీ అవి ఆకలితో వచ్చినవి కావు. నాచు, నీటిమొక్కలు బాగా ఉన్న చెరువులో పగలు ఎండకి ఆ మొక్కలే నీళ్ళలోకి ఆక్సిజన్ వదులుతాయి, రాత్రయితే అవి కూడా చేపలతో పాటు దాన్నే వాడుకుంటాయి, అందుకని పొద్దు పొడిచే వేళకి నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. వేసవిలో మరీ కష్టం: 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, అదే 30 డిగ్రీలకి ఏడున్నరకి పడిపోతుంది. ఊపిరాడక పైకొచ్చిన చేపకి ఎర మీద ధ్యాస ఎందుకుంటుంది? ఎండ పడి గంట గడిచేదాకా నేను గాలం ముట్టను. అప్పటిదాకా ఊరికే కూర్చుని చూడటమే, నాకైతే రోజు మొత్తంలో బాగా నచ్చేది ఆ గంటే.

కూర్చోవడం అంటే నిజంగా కూర్చోవాలి, గట్టు మీద నిలబడి అటూ ఇటూ తిరగకూడదు. చేప ఒంటికి రెండు పక్కలా ఒక సన్నటి గీత ఉంటుంది, నీళ్ళలో వచ్చే ప్రతి కదలికా దానికి అక్కడ తెలుస్తుంది, గట్టు మీద ధబధబా నడిస్తే ఆ అదురు కూడా. ఇంకొకటి, నీళ్ళ కింద నుంచి చూసే చేపకి బయటి లోకమంతా తల మీద సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోనే కనిపిస్తుంది, మనం ఎంత కిందకి ఒదిగి కూర్చుంటే ఆ కిటికీ అంచుకి అంత నొక్కుకుపోతాం. నిలబడ్డామా, దొరికిపోయినట్టే.

ఎండ వచ్చాక గాలాలకి ఎర్రలు, అంటే వానపాములు, గుచ్చి వేశాం. నీళ్ళ మీద తేలే బెండు టకటకా వణికితే పరకలు, అంటే చిన్న చేపలు, ఎరని పొడుస్తున్నట్టు, అప్పుడు లాగితే ఖాళీ కొక్కెమే వస్తుంది. ఒకసారి మాత్రం బెండు వణకలేదు, పక్కకి వాలి నెమ్మదిగా జారుతూ మునిగింది. అరచేయంత శీలావతి పిల్ల. చేతులు తడుపుకుని పట్టుకున్నాను, ఎందుకంటే దాని ఒంటి మీది జిగురే దానికి రక్ష, పొడి చేతులతో పట్టుకుంటే అది ఊడొచ్చేసి, వదిలేసినా తర్వాత జబ్బు చేసే ప్రమాదం ఉంది. కొక్కెం మెల్లగా తీసి నీళ్ళలో కాసేపు పట్టుకుంటే, మొప్పలు రెండు మూడుసార్లు ఆడాయి, అరచేతిలోంచి చటుక్కున జారిపోయింది.

ఆ తర్వాతే తమ్ముడు జమ్ము పక్కన ఎర్రమచ్చ చూపించాడు. పళ్ళెమంత ఉంటుంది, కదులుతోంది. కొరమీను పిల్లలు! వందల కొద్దీ, అగ్గిపుల్ల పొడవు కూడా లేవు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ముద్దలా తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి ముద్దంతా పైకి లేచింది, నీళ్ళ మీద చినుకులు పడ్డట్టు అయింది. ఆ వెనకే 'గుబుక్'మని పెద్దది పైకొచ్చి గాలి మింగి వెళ్ళింది. కొరమీనుకి మొప్పలు ఒక్కటే చాలవు, మధ్యమధ్యలో ఇలా పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిందే.

తమ్ముడు గాలం ఎత్తాడు. వాడికీ తెలుసు, పిల్లల దగ్గర ఏం పడ్డా కాపలా కాసే పెద్ద కొరమీను మీదపడి కరుస్తుంది, ఇంతకంటే సులువుగా దొరకదు. చాలామంది అలాగే పడతారు కూడా. నాకు మాత్రం అది అస్సలు నచ్చదు. అది కరిచేది ఆకలేసి కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. దాన్ని తీసేస్తే మిగతా చేపలు, కొంగలు ఆ ముద్దని ఎంతసేపు ఉండనిస్తాయి?

"వద్దురా" అన్నాను. వాడు ఒక్క నిమిషం నా వైపు చూసి, ఏమీ అనకుండా దారం చుట్టేశాడు.

పక్కనే జమ్ములో ఎవరో వదిలేసిన నైలాన్ దారం చిక్కుపడి ఉంది, కొక్కెంతో సహా. పక్షి కాలికి చుట్టుకుంటే ఇక అంతే. నేను దాన్ని విడదీసి సంచిలో వేసుకునేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ వాడు గొంతుక్కూర్చుని ఆ ఎర్రమచ్చనే చూస్తూ, పెద్దది పైకి వచ్చినప్పుడల్లా వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు.