శ్రీకూర్మం తాబేలు వయసెంత? గీతలు లెక్కపెడితే తెలుస్తుందా?

శ్రీకూర్మనాథుడి గుడి ఆవరణలో తాబేళ్లను చూసినవాళ్లలో ఎవరో ఒకరు "ఇవి మూడొందలేళ్లు బతుకుతాయట" అనడం మామూలే. అక్కడున్నవి నక్షత్ర తాబేళ్లు. వీటి ఆయుష్షు కొన్ని దశాబ్దాలే. వందేళ్లు దాటేవి సీషెల్స్ వైపు రాక్షస తాబేళ్లు. సెయింట్ హెలీనా దీవిలోని జొనాథన్ అనే రాక్షస తాబేలు 1882లో అక్కడికి చేరేసరికే పూర్తిగా ఎదిగిపోయింది. ఆ సైజుకి రావడానికి 50 ఏళ్లైనా పడుతుందని వెనక్కి లెక్కగట్టి, పుట్టింది 1832 ప్రాంతంలో అన్నారు. కాబట్టి అది కూడా అంచనాయే.

గీతల సంగతికొద్దాం. డిప్ప పైన పెద్ద పెంకులు 13: నడుమ 5, అటూ ఇటూ నాలుగేసి. పక్క పెంకుల్లో ఒకటి చూసుకుని, తడిగుడ్డతో తుడిచి, టార్చి ఏటవాలుగా వేస్తే గీతలు తేలతాయి. మధ్యలో గరుకుగా ఉండే చిన్న చదును గుడ్డులోంచి వచ్చినప్పటి పెంకు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. దాని చుట్టూ ఉన్నవే పెరుగుదల గీతలు.

చిక్కంతా ఇక్కడే. గీత అంటే ఏడాది కాదు, పెరుగుదల ఆగి మళ్లీ మొదలైందని గుర్తు, అంతే. మేత బాగా దొరికి, మధ్యలో ఎండి, మళ్లీ దొరికితే ఒక్క ఏడాదిలోనే రెండు పడొచ్చు. మనుషులు రోజూ ఆకుకూర వేసే చోట ఈ లెక్క ఇంకా తప్పుతుంది. ఎదుగుదల నిలిచాక గీతలు ఒకదానిమీద ఒకటి ఇరుక్కుపోతాయి, ముసలి డిప్ప అరిగి నున్నబడుతుంది. పిల్ల తాబేలు విషయంలో తప్ప ఈ లెక్కను నమ్మొద్దు.

కళింగపట్నం తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే సముద్రపు తాబేళ్లకు ఇంకో పద్ధతి ఉంది. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన దాని ముందరి రెక్క ఎముకను పల్చగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో వలయాలు లెక్కిస్తారు. లోపలి వలయాల్ని ఎముకే కరిగించుకుంటుంది కాబట్టి, పోయినవాటిని కూడా అంచనా వేసి కలపాలి.

గీతల లెక్క గట్టిగా నిలిచింది ఆల్చిప్ప దగ్గర. 2006లో ఐస్‌లాండ్ దగ్గర పట్టిన ఒకదానికి ముందు 405 ఏళ్లు అన్నారు. మొదట లెక్కపెట్టిన కీలు దగ్గర గీతలు మరీ ఒత్తుగా ఉండటంతో, చిప్ప బయటి అంచున మళ్లీ చూసి, 2013లో 507కి సరిదిద్దారు. గ్రీన్‌లాండ్ సొరచేపకి గట్టి ఎముకే లేదు, మరి లెక్కించేదేమిటి? పుట్టకముందే తయారయ్యే కంటి కటకం నడిబొడ్డులోని కార్బన్-14 మోతాదు. 2016లో అలా పెద్దదానికి 392 ఏళ్లు వచ్చాయి, 120 అటూ ఇటూగా. పేపర్లు ఆ "అటూ ఇటూ"ని వదిలేసి 400 అనో 500 అనో రాసేస్తాయి.

మన తాబేళ్ల వయసు ముందుముందు నిజంగా తెలియాలంటే ఇప్పుడే రికార్డు పెట్టాలి. పొట్టవైపు చారలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. వాటిని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, తేదీ, బరువు రాసుకుంటే చాలు. పొడవు టేపుతో డిప్ప వంపు మీద కాదు, కాలిపర్‌తో (రెండు దవడల మధ్య దూరం కొలిచే పరికరం) తిన్నగా కొలవాలి, ప్రతిసారీ అలాగే. డిప్పకు పెయింటు నంబరు వెయ్యొద్దు, అంచు కొయ్యొద్దు. దాని కింద నరాలున్నాయి, నొప్పి తెలుస్తుంది. ఇది గుడి సిబ్బంది, అటవీశాఖ చెయ్యాల్సిన పని. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.