రాజ్య పురస్కార్ దాకా: బరంపురంలో ఒక గైడ్ అనుభవం

స్కౌట్ ఉద్యమంలో ఆడపిల్లల విభాగమైన గైడ్స్‌లో చేరిన పిల్లల తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది చివరి పరీక్షా శిబిరం గురించే: అక్కడ ఎన్నాళ్ళుంచుతారు, గుడారంలో పడుకోవాలా, వంట తామే చేసుకోవాలా అని. శిబిరం కష్టమైనదే, కాని రాష్ట్రస్థాయి గైడ్ పురస్కారమైన రాజ్య పురస్కార్‌కు అసలైన పరీక్ష దానికి ఎన్నో నెలల ముందే, పిల్ల చేపట్టే సేవాకార్యంలోనూ, దాన్ని రోజువారీగా రాసే లాగ్‌బుక్కులోనూ జరిగిపోతుందని నా అనుభవం. ఒడిశాలోని బరంపురం వంటి ఊళ్ళో, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గైడ్ ప్రార్థన హిందీ అయిన ఆడపిల్లకు ఆ దారి ఎలా ఉంటుందో, వెనక వచ్చేవాళ్ళకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో గైడ్ ముందుగా ప్రవేశ్ పూర్తిచేసి, వాగ్దానం చేసి స్కార్ఫు, బ్యాడ్జి అందుకుంటుంది. తరువాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు వరుసగా దాటాలి. ఆ పైది గవర్నర్ సంతకంతో వచ్చే రాజ్య పురస్కార్, దాని మీద రాష్ట్రపతి పురస్కారం. మొదటి మెట్లలో నేర్చుకొనేవి ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచితో పదహారు దిక్కులు గుర్తించడం, కట్టెలపొయ్యి మీద వంట, ఈల సంకేతాలు. కంపెనీని, అంటే గైడ్ల బృందాన్ని, చిన్న దళాలుగా విభజించి, ప్రతి దళానికీ ఒక నాయకురాలిని పెడతారు. మాది మల్లె దళం. దళంలో ఒకరికి ఒక పని రాకపోతే తక్కినవాళ్ళు నేర్పాలన్న నియమం మా కెప్టెన్ టీచరుగారు ఎంత గట్టిగా పాటించేవారంటే, ఆఖరి పిల్ల ముడి సరిగా వేసేదాకా ఎవరికీ సంతకం పడేది కాదు. ఆ రోజుల్లో కోపం వచ్చేది. ఇప్పుడు నేను కంపెనీలోని చెల్లెళ్ళకు నేర్పేటప్పుడు అదే నియమం పాటిస్తున్నాను.

తృతీయ సోపాన్ తరువాత సేవాకార్యం ఎంచుకోవలసి వచ్చినప్పుడు మా ముందు కొన్ని దారులున్నాయి. మొక్కలు నాటడం, వేసవిలో బస్టాండు దగ్గర చలివేంద్రం, ఠాకూరాణీ జాతరలో జనాన్ని వరుసల్లో నిలబెట్టడం వంటివి ఎప్పుడూ చేసేవే. అవి మంచి పనులే, కాని మా దళంలో సగంమందిమి తెలుగు ఇళ్ళ పిల్లలం, ఒడియాలో తడబడకుండా మాట్లాడలేక మీటింగుల్లో వెనక వరుసలో కూర్చునేవాళ్ళం. ఆ తెలుగే అక్కరకు వచ్చే చోటు గోపాలపురం వైపు ఉందని టీచరుగారు గుర్తుచేశారు. గంజాం తీరం వెంబడి జాలరిపేటల్లో చాలా కుటుంబాలు ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతాయి. తుపాను కబురు మాత్రం వాళ్ళకు ఎక్కువగా ఒడియాలోనే చేరుతుంది. అందుకని ఒక జాలరిపేటలో తుపాను సన్నాహం మీద పని చెయ్యాలని నిశ్చయించుకున్నాం.

ఆ తీరంలో తుపాను గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుపాను తరువాత ఒడిశా తీరం పొడవునా ఆశ్రయ భవనాలు కట్టారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అప్పటికే రాష్ట్రంలో దాదాపు పది లక్షలమందిని తరలించడం వల్లనే అంత పెద్ద గాలికీ ప్రాణనష్టం తక్కువగా ఉండిపోయింది. కనుక భవనం ఉందా లేదా అన్నది మా ప్రశ్న కాదు. మంచం దిగలేని మనిషి అందులోకి ఎలా చేరుతుంది, ఆమెను ఎవరు మోసుకొస్తారు అన్నదే మేము తేల్చుకోవలసింది.

ఇంటింటికీ తిరిగి వృద్ధులు, నిండు గర్భిణులు, పసిపిల్లలు, నడవలేనివాళ్ళు ఎక్కడున్నారో రాసుకున్నాం. మొదట్లో మా యూనిఫారాలు చూసి ఏదో సర్కారు లెక్కల కోసం వచ్చామనుకొని తలుపు చాటు నుంచే జవాబు చెప్పేవారు. ఒక ముసలమ్మ మాత్రం నా మాట విని, “ఏటే గుంటా, మా బాసే మాటాడతన్నావు, ఏ ఊరు మీది?” అని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మా నాయనమ్మది టెక్కలి దగ్గర పల్లె అని చెప్పాను. ఆ తరువాత పక్కింటికీ ఎదురింటికీ తానే కేకవేసి పరిచయం చేసింది. ఒడియా బాగా వచ్చిన మా దళం పిల్లలు ఆశ్రయ భవనం కమిటీతోనూ, పంచాయతీతోనూ మాట్లాడారు. పట్టిక రెండు లిపుల్లోనూ తయారైంది.

మోసుకువెళ్ళే అభ్యాసం దగ్గర మేము బడిలో నేర్చుకున్నది నేరుగా పనికిరాలేదు. రెండు కర్రల మధ్య దుప్పటి మడిచి స్ట్రెచర్ చెయ్యడం మాకు బాగా వచ్చు. కాని ఆ పేటలో ఇళ్ళ మధ్య సందులు ఎంత ఇరుకంటే, మలుపు దగ్గర కర్రలు అటూ ఇటూ గోడలకు తగిలి తిరగవు. మెత్తని ఇసుకలో ముందున్న ఇద్దరి కాళ్ళూ దిగబడితే స్ట్రెచర్ మీది మనిషి ముందుకు జారిపోతుంది. అక్కడి ఆడవాళ్ళే ఉపాయం చెప్పారు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, నడుము దగ్గర చీరతో కుర్చీకి కట్టి, కుర్చీ చేతుల కింద నుంచి రెండు పొట్టి కర్రలు దూర్చి నలుగురు ఎత్తితే సందులో సులువుగా తిరిగింది. కర్రలు జారకుండా కుర్చీకి క్లోవ్ హిచ్ వేసి కట్టడం మా వంతు. మోకాళ్ళు పట్టేసిన ఒక పెద్దామెను ఇంటి గడప నుంచి భవనం మెట్ల దాకా అలా తీసుకువెళ్ళి దింపితే, ఆమె నవ్వుతూ మళ్ళీ ఒకసారి తిప్పమంది.

ముడుల విషయంలో మరో సంగతి తప్పక చెప్పాలి. ఒడ్డున పడవ నీడలో ఒక తాత చిరిగిన వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. దారాన్ని వల కన్నులోంచి పైకి తీసి, వెనకనుంచి చుట్టి, ఆ దారం కిందనుంచే దూర్చి లాగుతున్నాడు. అది చూసి మా దళం నాయకురాలు “ఇది మన షీట్ బెండ్!” అంది. లావు తాడునూ సన్న తాడునూ కలపడానికి మేము పరీక్షకు నేర్చుకున్న ముడి అదే. తాత మా చేతికి దారం ఇచ్చి వెయ్యమన్నాడు. మేము బల్ల మీద పెట్టి నిదానంగా వేసే ముడిని, ఆయన మాటల్లో పడి కళ్ళు ఎత్తకుండానే వరుసగా వేసుకుపోయాడు. ఆ సాయంత్రం లాగ్‌బుక్కులో ఆ వల కన్ను బొమ్మ గీసి, ముడి వేసే మెట్లు పక్కన రాశాను. తరువాత శిబిరంలో పరీక్షకురాలు ఎక్కువసేపు చూసిన పుట అదే.

తుపాను తరువాత నీళ్ళు పాడై విరేచనాలు వస్తాయి కనుక, ఉప్పు-పంచదార నీళ్ళు కలపడం కూడా అక్కడి తల్లులకు చూపించాం: కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళు, తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. అర చెంచా కొలత చూపించడం చాలా ముఖ్యం, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం.

శిబిరం గురించి తక్కువే రాస్తాను. గుడారం వెయ్యడం, కర్రలు కట్టి గిన్నెల స్టాండు చెయ్యడం, దగ్గరకు పోకుండానే చెట్టు ఎత్తు అంచనా వెయ్యడం, ప్రథమ చికిత్స, కొంత రాతపరీక్ష ఉంటాయి. చరిత్ర ప్రశ్నల్లో 1911లో జబల్‌పూర్‌లో మొదటి గైడ్ కంపెనీ మొదలైన సంగతి, 1950 నవంబరు 7న స్కౌట్ సంఘాలు ఏకమవడం, 1951 ఆగస్టు 15న గైడ్స్ వాటితో కలవడం వంటివి గుర్తుంచుకుంటే చాలు. సోపానాలు నిజాయితీగా దాటిన పిల్లకు అక్కడ భయపడవలసింది ఏమీ లేదు.

నన్ను నిజంగా ఏడిపించింది దరఖాస్తు. తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. బడి రిజిస్టరులో ఒడియా పద్ధతిన అది చివరకు వెళ్ళింది, ఆధార్‌లో పొడి అక్షరమై మిగిలింది. మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉన్న పేరు ఒకే పిల్లదని ఒక కార్యాలయంలో ఒప్పుకోలేదు. మాకు కారణం చెప్పకుండానే కాగితాలు వెనక్కి పంపారు. మా నాన్నగారు పని మానుకొని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, ప్రధానోపాధ్యాయుల ధ్రువపత్రం జోడించి గడువులోపల ఇవ్వగలిగారు. అంత తిరిగే వీలు లేని ఇంటి పిల్ల అయితే పురస్కారం అక్కడే ఆగిపోయేది, అది అన్యాయమని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే మా కంపెనీలో కొత్తగా చేరే తెలుగు పిల్లలకు ప్రవేశ్ సమయంలోనే ఆధార్‌లోనూ రిజిస్టరులోనూ పేరు ఒక్కలాగే ఉందా అని చూసి, లేకపోతే అప్పుడే సరిచేయిస్తున్నాం.

పేటలో మేము రాసిన పట్టికను తరువాతి దళాలు తిరగరాస్తూ వస్తున్నాయి. తుపానుల కాలం అక్టోబరులో ముమ్మరమవుతుంది కాబట్టి సెప్టెంబరులోపల ఇళ్ళు మరోసారి తిరిగి, కొత్తగా గర్భిణులైనవాళ్ళనూ, మంచం పట్టినవాళ్ళనూ చేర్చి, ఒక ప్రతి ఆశ్రయ భవనం కమిటీకి, ఒక ప్రతి ఆశా కార్యకర్తకు ఇస్తారు. ఈసారి ఆ పని తృతీయ సోపాన్ పూర్తిచేసిన చెల్లెళ్ళు చేస్తున్నారు, కుర్చీ కట్టడం వాళ్ళకు నేను నేర్పుతున్నాను.